కొల్లేటికి ఒత్తు ఎవరు తీసేశారు?

మొన్నొక సెలవునాడు ఈ బ్లాగు మూసను మార్చడానికి కూర్చున్నాను. పాత మూస చరవాణిలో సరిగా కనబడటం లేదని ఇద్దరు ముగ్గురు మిత్రులు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. కొత్తది చూడముచ్చటగానే ఉంది. తెల్లని పుట, విశాలమైన అంచులు, పెద్ద పెద్ద శీర్షికలు. ఎక్కించి, నా పాత టపా ఒకటి తెరిచి చూశాను. శీర్షిక రెండు వరుసలుగా విరిగింది. పై వరుసలోని ఒత్తులు వచ్చి క్రింది వరుసలోని గుడుల మీద కూర్చున్నాయి. రెండూ కలిసి ఏదో మూడో లిపిలా ఉన్నాయి. అప్పుడు మా పెద్దనాన్నగారు గుర్తుకొచ్చారు.

అది 2007 నాటి సంగతి. ఏలూరులో ఉండగా బ్లాగు మొదలుపెట్టిన కొత్త. ఎవరో పరదేశి ఉచితంగా పంచిన మూసను తెచ్చి, దాని నెత్తిన ఆటపాకలో తీసిన గూడబాతుల ఛాయాచిత్రాన్ని అతికించి, పక్కపట్టీలో ఒక గడియారమూ, ఒక సందర్శకుల లెక్కా పెట్టి, మూడు రాత్రులు మేలుకుని ముస్తాబు చేశాను. తొలి టపా పేరు "కొల్లేటి గట్టు మీద". తాడేపల్లిగూడెంలో ఉంటున్న పెద్దనాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. తెరమీద చదవడం ఆయనకు కష్టం. నెట్ సెంటరు కుర్రాడి చేత ఆ పుటను అచ్చుతీయించుకుని ఇంటికి తీసుకువెళ్ళి, తీరిగ్గా చదివి, సాయంత్రం ఫోన్ చేశారు.

"ఏరా అబ్బాయ్, కొల్లేటికి ఒత్తు ఎవరు తీసేశారు?"

"ఒత్తు ఉందండీ. నేను సరిగ్గానే వ్రాశాను."

"నీ కంప్యూటర్లో ఉందేమో. నా కాగితం మీద 'కొలేటి గటు మీద' అని ఉంది. క్రింద రవ్వంత తోకలాంటిది కనపడుతోంది. అది ఒత్తో, కాగితం మీది మరకో తెలియడం లేదు."

వెళ్ళి మూసను తెరిచి చూస్తే కారణం దొరికింది. శీర్షిక ఉండే పెట్టెకు ఎత్తు ఇన్ని పిక్సెళ్ళని ఖచ్చితంగా నిర్ణయించి, అంతకు మించినదాన్ని కనబడనీయవద్దని ఆజ్ఞ వ్రాసి ఉంది. ఇంగ్లీషు అక్షరాలకు ఆ ఎత్తు ధారాళంగా సరిపోతుంది. ఆ లిపిలో గీత క్రిందికి దిగేవి నాలుగైదు అక్షరాల తోకలు మాత్రమే. మన లిపిలో ఒక పూర్తి అక్షరం మరో అక్షరం క్రింద వ్రేలాడుతుంది. ఆ మూసను అల్లినవాడి తప్పేమీ లేదు. అతడు తెలుగును చూసి ఉండడు. నేను చూశాను, నాకు తెలుసు, అయినా మూడు రాత్రుల్లో ఒక్క నిమిషమైనా ఆ పెట్టె ఎత్తు గురించి ఆలోచించలేదు. గూడబాతుల బొమ్మ అంచులు నున్నగా వచ్చాయా లేదా అన్నదే చూసుకున్నాను.

నేను ఈ టపాలో చెప్పదలచినది ఇంతే: మన బ్లాగుల రూపాన్ని దిద్దుకోవడంలో మనం ఇన్నేళ్ళుగా తప్పు చివరనుండి మొదలుపెడుతున్నాం. బొమ్మతో మొదలుపెట్టి రంగుల దగ్గరికి, రంగుల నుండి ఖతి దగ్గరికి, ఓపిక మిగిలితే వరుసల మధ్య ఖాళీ దగ్గరికి వస్తున్నాం. రావలసిన దారి దీనికి సరిగ్గా ఎదురు.

థీమ్ అన్న మాటకు మనలో కొందరు 'అలంకారం' అన్నారు, కొందరు 'మూస' అన్నారు. వినడానికి అలంకారం హాయిగా ఉంటుంది గాని, ఆ మాటే మనల్ని కొంత తప్పుదోవ పట్టించిందని నా అనుమానం. అలంకారం అంటే ఉన్నదానికి పైన తొడిగేది, తీసేసినా కావ్యశరీరానికి లోపం రానిది. ఇక్కడ మనం దిద్దుతున్నది పైతొడుగు కాదు. అక్షరం క్రింద ఒత్తుకు చోటుందా, దీర్ఘమైన మాట పట్టే వెడల్పుందా అన్నవి అలంకార ప్రశ్నలు కావు. అవి ఔచిత్యానికి చెందినవి. క్షేమేంద్రుడు కావ్యానికి చెప్పిన మాటే పుటకూ వర్తిస్తుంది: ఎక్కడ ఉండవలసినది అక్కడ లేకపోతే నగ కూడా నవ్వులపాలే. అందుకని నేను మూస అన్న మాటకే ఓటు వేస్తాను. మూసలో పోసినది మూస ఆకారాన్నే పొందుతుందన్న హెచ్చరిక ఆ మాటలోనే ఉంది.

ఆనాడు మనకు దొరికిన మూసలు ఎటువంటివో ఒక్కసారి గుర్తుచేసుకోండి. వర్డ్‌ప్రెస్‌లో థీముల పద్ధతి 1.5 సంచికతో, 2005 ఫిబ్రవరిలో వచ్చింది. దానితోపాటు అప్రమేయంగా వచ్చినది మైకేల్ హైలెమన్ రూపొందించిన కూబ్రిక్. నెత్తిన గుండ్రని మూలల నీలిపట్టీ, దాని క్రింద సన్నని పుట. 2010లో ట్వంటీ టెన్ వచ్చేదాకా ప్రపంచంలోని వర్డ్‌ప్రెస్ బ్లాగుల తొలి ముఖం అదే. అందులో టపా ఉండే నిలువు వెడల్పు 450 పిక్సెళ్ళు, పక్కపట్టీ 190. పైగా టపా మొత్తాన్ని రెండు అంచులూ సమంగా వచ్చేలా సర్దాలని అందులో ఆజ్ఞ ఉంది. ఇంగ్లీషులో అది ఫరవాలేదు. ఆ మాటలు చిన్నవి, వరుసకు పదీ పన్నెండూ పడతాయి, మిగిలిన ఖాళీ అన్నింటి మధ్యా పంచుకుపోతుంది. తెలుగులో చదవగలిగిన పరిమాణంలో అక్షరాలు పెడితే ఆ వెడల్పులో వరుసకు అయిదారు మాటలు పట్టడమే గొప్ప. మన మాటలు విభక్తులనూ, సంధులనూ కలుపుకుని పొడుగు సాగుతాయి. అయిదు మాటల నడుమ నాలుగే సందులు. మిగిలిన ఖాళీ అంతా ఆ నాలుగింటి మీదే పడితే, పుట మధ్యలో పైనుండి క్రిందికి తెల్లని కాలువలు పారుతాయి.

అది ఒకెత్తు. ఆ రోజుల్లో ఫైర్‌ఫాక్స్ 2 వాడినవారికి ఇంకో అనుభవం ఉండే ఉంటుంది. రెండంచులూ సమం చేసిన తెలుగు పాఠాన్ని ఆ విహారిణి ముక్కలుముక్కలుగా విరిచి చూపించేది. కొమ్ములు ఒకచోట, హల్లులు ఒకచోట, పొల్లులు వేరుగా. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3 వచ్చాక గాని ఆ పీడ విరగడ కాలేదు. "మీ బ్లాగు నా కంప్యూటర్లో చదవడానికి వీలుగా లేదు" అన్న వ్యాఖ్య కనబడగానే "గౌతమి ఖతి ఉందా? ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపులను చేతనం చేశారా?" అని ఎదురు ప్రశ్న వేసేవాళ్ళం. ఎంతమంది పాఠకులను అలా నియంత్రణ పలకం చుట్టూ తిప్పామో తెలియదు. చాలాసార్లు తప్పు వారి యంత్రంలో ఉండేది కాదు, మన మూసలో ఒకే ఒక వరుసలో ఉండేది. ఆ వరుస తీసేస్తే పాఠం ఎడమ అంచున బుద్ధిగా నిలబడేది.

బ్లాగరు వారి పక్షాన మినిమా ఉండేది. డగ్లస్ బౌమన్ చేసినది. పేరుకు తగ్గట్టు నిరాడంబరంగా ఉండే మంచి మూస. నాకిప్పటికీ ఇష్టమే. కాని బ్లాగు పేరుకూ పక్కపట్టీ శీర్షికలకూ అందులో రెండు ఆజ్ఞలు ఉండేవి. ఒకటి, అన్నీ పెద్దక్షరాలుగా మార్చమని. తెలుగులో పెద్దబడి చిన్నబడి లేదు కనుక అది చెవిటివాని ముందు శంఖం. రెండవది, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం పెంచమని. రోమను పెద్దక్షరాలకు ఆ ఎడం నిజంగా అందమే. మన లిపిలో అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆనాటి విహారిణులకు స్పష్టంగా తెలియదు. కనుక ఎడం పెట్టమన్న ఆజ్ఞ పాటించబోయి కొన్ని గుణింతాన్ని హల్లునుండి వేరు చేసేవి. వేరు చేయని విహారిణిలో కూడా ఆ ఎడం తెలుగుకు నప్పేది కాదు. నోట్లో పళ్ళూడినట్టు ఉండేది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. 'కొల్లేరు' అన్న మాటలో మనకు కనబడేవి మూడు అక్షరాలు. కంప్యూటరు దాచుకునేవి ఎనిమిది: క, ఒత్వం, ల, పొల్లు, మళ్ళీ ల, ఏత్వం, ర, కొమ్ము. మూడు అక్షరాలుగా చూసేది మన కన్ను, ఎనిమిది గుర్తులుగా చూసేది యంత్రం. మూస చేసేవాడు మొదటి అక్షరాన్ని పెద్దది చేయమన్నా, ఇన్ని అక్షరాల తరువాత కత్తిరించి చుక్కలు పెట్టమన్నా, యంత్రం తన లెక్క ప్రకారమే కోస్తుంది. 'స్త్రీ' అని మొదలయ్యే పేరాకు మొదటి అక్షరం పెద్దది చేస్తే 'స్' మాత్రమే పెద్దదయ్యే ప్రమాదం అలా వచ్చిందే. ఒత్తులతో కూడిన అక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కపెట్టాలన్న సాధారణ నియమం యూనికోడ్‌లో 2023లో వెలువడిన 15.1 సంచికలో గాని చేరలేదు. తెలుగు యూనికోడ్‌లో 1991 నుండీ ఉంది. మన లిపికి చోటివ్వడం ఒకటి, మన అక్షరం ఏదో తెలుసుకోవడం మరొకటి. ఈ రెండింటికీ మధ్య 32 ఏళ్ళు. (జ్ఞాకు మధ్యలో కనబడని గుర్తొకటి చేరితే ఐఫోన్లు కుప్పకూలిన 2018 ఫిబ్రవరి ముచ్చట ఇక్కడ గుర్తుకు రాకమానదు. ఒక్క తెలుగక్షరం ఇంత పని చేయగలదని లోకానికి తెలిసింది అప్పుడే.)

నేను మూసను పరీక్షించడానికి మా ప్రాంతపు ఊళ్ళ పేర్లనే వాడుతుంటాను. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు. వీటిలో ఏలూరు చాలా మంచి ఊరు. ఒక్క ఒత్తు లేదు, పొడుగూ లేదు. ఏ మూసలో పోసినా చక్కగా ఇమిడిపోతుంది. అందుకే దానితో పరీక్షిస్తే ఏమీ తెలియదు. మనలో చాలామంది కొత్త మూస ఎక్కించి, బ్లాగు పేరు బాగానే వచ్చింది కదా అని సంతృప్తి పడేది ఇలాంటి ఏలూరు మాటలను చూసే. కొల్లేరు వ్రాస్తే ఒత్తుకు చోటుందో లేదో తెలుస్తుంది. తాడేపల్లిగూడెం వ్రాస్తే వెడల్పు సంగతి బయటపడుతుంది. పక్కపట్టీలో ఈ పేరుతో ఒక వర్గం పెట్టండి. పాత 190 పిక్సెళ్ళ పట్టీలో కొంచెం పెద్ద ఖతి పెట్టి, ప్రక్కన టపాల సంఖ్య కూడా చేరిస్తే అది గట్టు తెంచుకుని టపా మీదికి వచ్చి పడేది. మధ్యలో ఖాళీ లేని మాట కనుక దాన్ని ఎక్కడ విరవాలో విహారిణికి తోచదు.

ఇవి రెండూ నెగ్గిన మూసకు చివరి పరీక్షగా 'పెద్దింట్లమ్మ' అని పెద్ద శీర్షికలో వ్రాసి చూస్తాను. కొల్లేటికోటలో వెలసిన తల్లి. నాలుగే అక్షరాలు, అందులో మూడింటికి ఒత్తులు. ఆ తల్లి పేరు కోతపడకుండా నిలిచిందంటే ఆ మూసను నమ్మవచ్చు.

కొల్లేరును ఎరిగినవారికి ఈ చోటు సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు. వేసవిలో చూసిన కొల్లేరు వేరు, బుడమేరూ తమ్మిలేరూ పొంగివచ్చాక చూసిన కొల్లేరు వేరు. వేసవిలో నీరున్నంత మేరే సరస్సు అనుకుని గట్లు పోసుకుంటే వానాకాలంలో నీరు ఎక్కడికి పోతుంది? 1999లో అభయారణ్యాన్ని ప్రకటించినప్పుడు హద్దును అయిదో కాంటూరు దగ్గర పెట్టారు. ఆ లోపల వేసిన చేపల చెరువుల గట్లను 2006లో కూలగొట్టవలసి వచ్చింది. (ఆ కూల్చివేతలో ఎవరు నష్టపోయారు, ఎవరు తప్పించుకున్నారు అన్నది వేరే టపా. ఇక్కడ మొదలుపెడితే ముగియదు.) వరుస ఎత్తు కూడా అంతే. ఒత్తులు లేని మాటలను చూసి కొలత పెట్టుకుంటే, ఒత్తు వచ్చిన రోజున అది పొరుగు వరుసలోకి పొంగుతుంది, లేదా గట్టు దగ్గర కోతపడుతుంది.

పని చిన్నదే. సీఎస్ఎస్‌లో లైన్-హైట్ అన్నచోట 1.4 ఉంటే 1.7 చేయండి. శీర్షికలకు 1.5కు తగ్గనీయకండి. పిక్సెళ్ళలో వ్రాయకుండా ఊరికే అంకె వేయండి. అప్పుడు ఖతి పరిమాణం పెంచినా తగ్గించినా వరుస దానితోపాటు పెరిగి తరుగుతుంది. లెటర్-స్పేసింగ్ ఎక్కడ కనబడినా సున్నా చేయండి. ఎత్తు నిర్ణయించిన పెట్టెలకు 'ఇంతకు తక్కువ కాకుండా' అన్న కొలత పెట్టండి గాని 'ఇంతే' అని పెట్టవద్దు. ఒరిగిన అక్షరాలు మన అచ్చులో సంప్రదాయం కాదు. ఉటంకింపులను ఇటాలిక్‌లో పెట్టే ఆజ్ఞను తీసేసి, దాని బదులు అంచు కాస్త లోపలికి జరపండి. పుట మొదట్లో భాష ఇంగ్లీషు అని ప్రకటించి ఉంటే దాన్ని తెలుగుగా మార్చండి. ఈ చివరిది కంటికి కనబడదు గనుక అందరూ వదిలేస్తారు. కాని చూపులేని పాఠకుడు వినే తెరచదువరి ఏ గొంతు ఎత్తుకోవాలో నిర్ణయించుకునేది తరచు ఆ ఒక్క మాట చూసే. తెలుగు పుటను ఇంగ్లీషు గొంతుతో వినిపించడం కంటె ఊరుకోవడం నయం.

ఇదంతా చేయడానికి అందరికీ వీలుండేది కాదన్నది నిజమే. వర్డ్‌ప్రెస్.కామ్‌లో ఆ రోజుల్లో సీఎస్ఎస్ మార్చుకోవాలంటే డబ్బు చెల్లించాలి. ఉచితంగా ఉన్నవారు వారిచ్చిన మూసల్లో ఒకదాన్ని ఏరుకోవలసిందే. బ్లాగరులో తాళాలు మన చేతికే ఇచ్చారు. 2006లో కొత్త లేఅవుట్ల పద్ధతి వచ్చాక ఎక్స్ఎంఎల్‌లో ఒక్క కొస విడిచినా భద్రపరచనని మొండికేసేది. మూస మారిస్తే పక్కపట్టీలో పేర్చుకున్నవన్నీ చెరిపేస్తాను, సరేనా అని అడిగేది. తొందరలో సరేనన్నవారి గడియారాలూ, లంకెల జాబితాలూ గంగలో కలిసేవి. పాత మూసను నోట్‌ప్యాడ్‌లో దాచుకోకుండా కొత్తది ఎక్కించినవాడి గోడు మనందరం విన్నదే.

దీనికి మనం కనిపెట్టిన విరుగుడు ఒకటుంది. అదే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. తెరమీది ఖతులు బాగుండలేదని, అందమైన అచ్చు ఖతుల్లో బ్లాగు పేరునూ, కొందరైతే పద్యాలనూ, కవితలనూ కూడా వ్రాసుకుని బొమ్మలుగా మార్చి పెట్టుకున్నాం. నిజమే, గౌతమితో పోలిస్తే అవి ముత్యాల్లా ఉండేవి. ఆ బొమ్మలను ఎక్కడో ఉచిత నిల్వశాలలో దాచి, మూసనుండి లంకె వేశాం. నా గూడబాతులను అలాగే దాచాను. కొన్నేళ్ళకు ఆ నిల్వశాలవారు ఉచితంగా చూపించడం మానేశారు. ఒకరోజు తెరిచి చూస్తే పక్షుల స్థానంలో బూడిదరంగు పలక, దానిమీద ఏదో డబ్బు కట్టమన్న ఇంగ్లీషు వాక్యం. పక్షులు పోతే పోయాయి, ఆటపాకకు వెళ్తే మళ్ళీ కనబడతాయి. అదే బొమ్మలో నా బ్లాగు పేరు కూడా ఉంది. క్రింద ఎక్కడా అక్షరాల్లో వ్రాసి లేదు. పేరులేని బ్లాగుగా కొన్ని నెలలు నడిచింది, నేను గమనించనేలేదు. కవితలనే బొమ్మలుగా పెట్టినవారి సంగతి తలచుకుంటే గుండె చెరువవుతుంది. వెదుకుడు యంత్రానికి ఆ పద్యం ఏనాడూ కనబడలేదు, ఇప్పుడు మనిషికీ కనబడదు. అక్షరాన్ని అక్షరంగా పెట్టినవారి టపాలు మాత్రం ఎంత వికారమైన మూసలో ఉన్నా ఇంకా చదువుకోవచ్చు.

ఈ బాధకు ఇప్పుడు కారణం లేదు. వెబ్ ఖతులు వచ్చాయి. సిలికానాంధ్ర పూనికతో వెలువడిన సురన్న, మల్లన్న, మండలి, రామభద్ర, గిడుగు, ధూర్జటి వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. నోటో తెలుగు ఖతులూ ఉన్నాయి. అయితే ఒక జాగ్రత్త. తెలుగు ఖతిలో ఒత్తులూ గుణింతాలూ కలిసి వందల ఆకారాలుంటాయి గనుక దస్త్రం బరువు. మూడు నాలుగు ఖతులు ఒకే పుటలో పేర్చితే కొల్లేటి లంక గ్రామంలో సన్నని సంకేతంతో చదువుతున్నవాడికి పుట తెరుచుకునేలోపు ఓపిక నశిస్తుంది. పాఠానికి ఒకటి, శీర్షికకు ఒకటి చాలు. నా మటుకు నాకు శీర్షికకు రామభద్ర ఇష్టం, పాఠానికి దాన్ని వాడితే మాత్రం కేకలు వేసినట్టుంటుంది.

ఇక మాటల సంగతి. మూసలో రచయిత వ్రాయని మాటలు కూడా ఉంటాయి: వ్యాఖ్యలు, పాత టపాలు, ఎవరు వ్రాశారు, ఎప్పుడు వ్రాశారు. వీటిని తెలుగు చేయడంలో మనవాళ్ళు పడిన శ్రమ తక్కువది కాదు. 'టపా' అన్న మాటను నిలబెట్టిన ఘనత మన బ్లాగరులదే. అయినా అనువాదం ఎంత బాగున్నా మూస అడ్డుపడే చోట్లు ఉన్నాయి. ఇంగ్లీషులో 'వ్రాసినవారు' అన్న భావం ముందు వచ్చి పేరు తరువాత వస్తుంది. మూస చేసినవాడు ముందు మాటను, తరువాత పేరును రాయిలో చెక్కినట్టు వరుసగా పెట్టేస్తే, అనువాదకుడి చేతిలో ఆ ముందు ముక్క మాత్రమే ఉంటుంది. దాన్నుండి పుట్టినదే బ్లాగరు తెలుగు ముఖంలో మనం చూసిన "వీరిచే పోస్ట్ చెయ్యబడింది" అన్న వాక్యం. చెయ్యబడటం మన నోటికి వచ్చే మాట కాదు. అనువదించినవారిని వెక్కిరించడం తేలిక. కాని వారికి పేరును ముందుకు తెచ్చే అధికారం మూస ఇవ్వలేదు. వర్డ్‌ప్రెస్ మూసల్లో వాక్యం మొత్తాన్ని ఒకే ముక్కగా ఇచ్చి, పేరు రావలసిన చోట శాతం గుర్తుతో ఒక ఖాళీ విడిచిపెట్టే పద్ధతి ఉంది. అలా ఇస్తే అనువాదకుడు పేరును ముందు పెట్టి 'గారి టపా' అని హాయిగా ముగించగలడు. ఒక వ్యాఖ్య, రెండు వ్యాఖ్యలు అన్న ఏకవచన బహువచనాలకూ వేరు ఏర్పాటుంది. దాన్ని వాడుకోని మూసలో '1 వ్యాఖ్యలు' అని కనబడుతుంది. అది చూసిన ప్రతిసారీ నాకు పంటి కింద రాయి పడినట్టుంటుంది.

దీనంతటికీ ఒక ఎదురు మాట ఉంది. అది తీసిపారేయదగినది కాదు. "రచన బాగుంటే ఎలాగైనా చదువుతారు. కూడలిలో శీర్షిక చూసి వచ్చేవారు, రీడరులో ఫీడు చదివేవారు మీ మూసను చూసేవారా? ఇప్పుడు చరవాణి తనకు నచ్చినట్టు చూపిస్తుంది. ఇంత రాద్ధాంతం దేనికి?" అని ఒక మిత్రుడు అన్నాడు. ఫీడుల కాలంలో అది నిజమే. గూగుల్ రీడరులో అందరి టపాలూ ఒకే తెల్లని పుటలో కనబడేవి, మూసల వివాదమే లేదు. కాని 2013 జూలైలో దాన్ని మూసేశారు. టపా మళ్ళీ దాని సొంత పుటలోనే మిగిలింది. ఇవాళ పాత టపా దగ్గరికి ఎవరైనా వస్తే వెదుకుడు యంత్రంలో ఏదో మాట పట్టుకుని సరాసరి ఆ పుటలోకే వస్తున్నారు. వచ్చినవాడు కొల్లేటి గురించి తెలుసుకోవాలనుకున్న విద్యార్థి కావచ్చు, ఊరు విడిచి ఏళ్ళయిన పెద్దవారు కావచ్చు. ఇరుకు వరుసల్లో రెండు నిమిషాలు కళ్ళు చికిలించి వెళ్ళిపోతారు. రచన బాగుందో లేదో తెలుసుకునేదాకా ఆగరు. పెద్దనాన్నగారు ఆగారు, ఎందుకంటే వ్రాసినది నేను కనుక.

చరవాణి వచ్చాక కష్టం తీరిందనడమూ పూర్తిగా నిజం కాదు. రూపం మారింది, అంతే. ఇవాళ్టి మూసలకు పెద్ద శీర్షికలంటే మోజు. ఆ పెద్ద శీర్షికలకు 1.1, 1.2 అంటూ బిగుతైన వరుస ఎత్తు పెడుతున్నారు. ముంగిలి పుటలో టపాలను పలకలుగా పేర్చి, రెండు వరుసలు దాటిన పేరును కత్తిరిస్తున్నారు. 2007లో నా పెద్దనాన్నగారి కాగితం మీద కోసినది ఏ ఆజ్ఞ అయితేనేం, పేరు మారి అదే మళ్ళీ వచ్చింది. 2022 జనవరిలో వర్డ్‌ప్రెస్ 5.9తో అచ్చంగా దిమ్మెలతోనే కట్టే థీములు వచ్చాక ఇలాంటి కొలతలను కోడు ముట్టుకోకుండా మార్చుకునే వీలు కూడా పెరిగింది. వీలు ఉంది గాని మార్చేవారు కనబడటం లేదు. ఇంగ్లీషు ముఖాన్ని అనువదించినంత శ్రద్ధగా, తెలుగు కోసమే మొదటినుండి ఒక మూసను అల్లి పదిమందికీ పంచినవారు నేనెరిగినంతలో వ్రేళ్ళమీద లెక్కించదగినవారే. ఆ వ్రేళ్ళలో నా వ్రేలు లేదన్నది కూడా ఒప్పుకోవాలి.

పెద్దనాన్నగారి ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర ఉంది. ఆయన పోయాక పుస్తకాలు సర్దుతుంటే ఒక పాత నిఘంటువులో దొరికింది. శీర్షికలో కోతపడిన ల ఒత్తునూ ట ఒత్తునూ పెన్సిలుతో దిద్దారు. అంతటితో ఊరుకోలేదు. లోపల వరుసలు ఇరుకుగా ఉన్నచోట్ల కూడా, ఒకదానిమీద ఒకటి పడి తెలియకుండా పోయిన ఒత్తులను వెదికి వెదికి అంచులో మళ్ళీ వ్రాసుకున్నారు. మూడు పుటల టపా. ఇరవై ఏడు చోట్ల దిద్దారు. అందులో రెండు నా అసలు తప్పులే. వాటి గురించి ఫోన్‌లో ఏమీ అనలేదు.

మొన్న మూస మార్చిన రోజున శీర్షికల ఎత్తు 1.2 నుండి 1.5 చేశాను. పెద్దింట్లమ్మ నిలబడింది. ముంగిలి పుటలో కత్తిరింపు తీసేశాను. పలకలు ఇప్పుడు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, ఉండనీ. పాఠానికి మండలి, పరిమాణం కొంచెం పెద్దదే. పక్కపట్టీలో తాడేపల్లిగూడెం మాత్రం చరవాణిని అడ్డంగా తిప్పినప్పుడు ఇంకా 'తాడేపల్లిగూ' దగ్గర విరుగుతోంది. 'తాడేపల్లి' దగ్గర విరిగేలా చేయడానికి కనబడని మెత్తని హైఫన్ పెట్టి చూశాను. వర్గం పేరులో దాన్ని ఉంచితే వెదుకులాటలో ఆ వర్గం దొరకడం లేదు. తీసేశాను. దీనికి మరో ఉపాయం ఎరిగినవారు వ్యాఖ్య వ్రాయగలరు.